చార్లెసు ఫిలిప్పు బ్రౌను దొర చరిత్రము

గుత్తి దుర్గపు నీడను చదువుకొను విద్యార్థులకు సర్ తామస్ మన్రో పేరు క్రొత్తది కాదు. 1827వ సంవత్సరము జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచివలన మృతినొందిన ఆయనను మొదట ఈ గుత్తియందే సమాధిచేసిరి. ఆ మన్రో మదరాసు గవర్నరైన 1820వ సంవత్సరముననే, మన పొరుగుదేశమగు కడపకు ఇరువదియొక్క యేండ్ల దొర యొకడు కలెక్టరునకు సహాయుడుగా వచ్చెను. ఆయనయే బ్రౌను. ఆయన చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రియగు డేవిడ్ బ్రౌను క్రైస్తవ బోధకుడు, బహుభాషాభిమాని. ఆయన 1812లో గతింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. బ్రౌను హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817లో మదరాసు వచ్చి, వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు ప్రారంభించెను.

పరీక్షలో నెగ్గుట వేరు, కచేరిలో రైతు మొర గ్రహించుట వేరు. ఆనాటి వ్యాకరణములు కావ్యభాషకై యేర్పడినవి. ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతముననే యుండెను. 1816లో కాంబెల్ దొర ఆంగ్లమున వ్రాసిన వ్యాకరణము సహితము పూర్వలాక్షణికుల మార్గమునే యనుసరించెను. కావున పరదేశి యెంత చదివినను వీథిలోని మాట అతనికి కొరుకుడుపడదయ్యెను.

1824లో ఫ్రెంచి బోధకుడగు డ్యుబాయి గ్రంథమువలన బ్రౌను వేమన పేరెరిగి, పద్యములను వెదకించి, 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చొత్తించెను. అటుపిమ్మట పురుగులపాలగుచున్న తాళపత్రములను సేకరించి, కడపలోని తన బంగళాలో పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయించి, పాఠములు సరిచూపించెను. ఇందుకై తన జీతము చాలక ఋణగ్రస్తుడయ్యెను. 1834లో ఉద్యోగముపోగా ఇంగ్లండు వెళ్లియు ఈ పనిని విడువలేదు. అచ్చటి కంపెనీ గ్రంథాలయమున పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను మదరాసునకు పంపించెను.

1840లో ఆయన వ్యాకరణము వెలువడెను. అందు కవుల రూపములను, జనుల పలుకుబడిని వేర్వేరుగా చూపెను. వచ్చుచున్నాడు అని చదివిన విద్యార్థి, వస్తున్నాడు అని వినినప్పుడు తడబడరాదు గదా! భాష నేర్చువానికి పదముల పుట్టుకయు తెలియవలెను. వ్రాయు, కోయు, మేయు అను క్రియలనుండి వ్రాత, కోత, మేత కలుగుట గ్రహించినవాడు, నేయు అనగానే నేత యని తానే చెప్పగలడు. దొరకు తనము చేర్చిన దొరతనమగును. వేటకు కాడు చేర్చిన వేటకాడగును. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువున కావ్యపదములతోపాటు వాడుకమాటలకును చోటు దొరకెను. కచేరి, జమాబంది, దరఖాస్తు వంటి అన్యదేశ్యములకై 1854లో మిశ్రభాషా నిఘంటువును వేరుగా ప్రకటించెను.

1855లో ఉద్యోగము విరమించి, లండనులో తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12వ తేదీన ఆయన పరలోకగతుడయ్యెను. కడపలో ఆయన బంగళా యున్నచోట నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది.

మన సీమపు మాట మోటుదని సిగ్గుపడు బాలురను మేము చూచుచున్నాము. సముద్రములు దాటివచ్చినవాడు కవి పద్యమును, కాపు మాటను ఒక్క శ్రద్ధతోనే వ్రాసికొనెను. మన యవ్వలు, తాతలు పలుకు పదములు మన తరముతో మాసిపోకుండ వ్రాసియుంచుట విద్యార్థులారా, మీ వంతు.