జాన్సను పండితుడును రేపటి దినమును

సోమరితనమును మాన్పదలచిన పెద్దలు సామాన్యముగా శ్రమశీలుల చరిత్రలు చెప్పుదురు. నాలుగవ జామున లేచినవారు, వీధిదీపముల వెలుగున చదివినవారు, ఒక్క నిమిషమైనను వ్యర్థపుచ్చనివారు మనకు బాల్యమునుండియు పరిచితులే. అట్టి చరిత్రలు విన్నప్పుడు ఉత్సాహము పుట్టును గాని, మరునాటి యుదయమున దుప్పటి ముసుగు తీయువేళకు ఆ యుత్సాహము కానరాదు. కావున మేము వేరొక తీరు మనుష్యుని కథ చెప్పబూనితిమి. ఆయన తన బద్ధకమునకు జీవితాంతము సిగ్గుపడినవాడు. తరచు మధ్యాహ్నము రెండు గంటలవరకు పడకమీదనే యుండినవాడు. అయినను ఆంగ్లభాషకు మహానిఘంటువును రచించి యిచ్చినవాడు. ఆయనయే శామ్యూల్ జాన్సను పండితుడు.

జాన్సను 1709వ సంవత్సరము సెప్టెంబరు మాసమున ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. తండ్రి పుస్తకముల వర్తకుడు. శైశవముననే గండమాల వ్యాధి సోకి ముఖముమీదను మెడమీదను మచ్చలు మిగిలెను. ఒక కన్నునకు చూపు మిక్కిలి మందగించెను. 1728లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశించెను గాని, పేదరికముచే పదుమూడు మాసములకే చదువు చాలించి యిల్లు చేరవలసివచ్చెను. తరువాత స్వగ్రామ ప్రాంతమున నొక పాఠశాల పెట్టగా, చేరిన శిష్యులను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. వారిలో నొకడైన డేవిడ్ గారిక్ అనంతరకాలమున ఇంగ్లండునందెల్ల ప్రఖ్యాతినందిన నటుడయ్యెను. ఆ గురుశిష్యులిరువురును 1737లో బ్రదుకుతెరువు వెదకికొనుచు లండనుకు పయనమైరి.

ఇచ్చట నొక మాట చెప్పవలసియున్నది. జాన్సను బద్ధకము తిని కూర్చుండువాని బద్ధకము కాదు. యౌవనమునందే ఘోరమైన మనోవ్యాకులము ఆయనను పట్టుకొనెను. ఒంటరిగా నుండిన మతిభ్రమించునేమో యని భయపడెడివాడు. అందుచే రాత్రి చాల ప్రొద్దుపోవువరకు మిత్రులతో ముచ్చటించుచు కూర్చుండెడివాడు. వారు లేచిపోవుదురేమో యని టీ మీద టీ త్రాగుచు కాలము సాగదీసెడివాడు. రాత్రి అట్లు గడచిన పిదప ఉదయము ఎట్లుండునో చెప్పనక్కరలేదు. పని వాయిదా వేయువానిని తిట్టుటకు ముందు అతడు దేనికి జంకి వాయిదా వేయుచున్నాడో విచారించుట మంచిదని మాకు తోచుచున్నది.

1746 జూనులో లండను పుస్తకప్రకాశకులు కొందరు కలిసి ఆంగ్లనిఘంటువు రచించుటకు ఆయనతో ఒడంబడిక చేసికొనిరి. ప్రతిఫలము 1,575 పౌనులు. సహాయకుల జీతములు, కాగితము ఖర్చు అన్నియు అందులోనుండియే పెట్టుకొనవలెను. మూడేండ్లలో ముగించెదనని జాన్సను మాటయిచ్చెను. ఫ్రాన్సుదేశమున నలువదిమంది సభ్యులుగల పండితపరిషత్తు అట్టి కార్యమునకే దశాబ్దములు పుచ్చుకొన్నదని మిత్రులు హెచ్చరింపగా, ఒక ఆంగ్లేయుడు నలువదిమంది ఫ్రెంచివారికి ఎంత సాటియో లెక్కగట్టి పరిహాసమాడెనట. మాటయిచ్చునప్పుడు మనమందరము అట్లే లెక్కలు కట్టుదుము.

లండనులోని గఫ్ స్క్వేరు అనుచోట ఒక యిల్లు అద్దెకు తీసికొని, దాని పై యంతస్తున అటకగదిని పనికొట్టముగా నేర్పరచెను. సహాయకులు ఆరుగురు, వారిలో ఐదుగురు స్కాట్లండువారు. జాన్సను సుప్రసిద్ధ రచయితల గ్రంథములు చదువుచు, ఉదాహరింపదగిన మాట క్రింద సీసపుకడ్డీతో గీతగీసి, ఆ మాట మొదటి యక్షరమును ప్రక్క మార్జినులో వ్రాసెడివాడు. సహాయకులు ఆ వాక్యమును వేరు చీటిపై ఎత్తివ్రాసి అక్షరక్రమమున అమర్చెడివారు. అరువు తెచ్చిన పుస్తకములైనను గీతలు తప్పెడివి కావు. వాటి యజమానులు ఏమనుకొనిరో మనము ఊహింపవచ్చును. అర్థములు చెప్పుట, వ్యుత్పత్తులు వ్రాయుట మాత్రము ఆయన స్వయముగా చేసెను. ఇంతటి కొండను ఒక్కసారి చూచిన ఎవనికైనను గుండె జారును. కాని ఒక మాట, దానికొక చీటి, దాని తరువాత ఇంకొక మాట: ఇట్లు విడదీసిన తరువాత ఏనాటి పని ఆనాడు కంటి కెదుట నిలిచెను. సోమరియైన యొక మానవునిచే నిఘంటువు పూర్తిచేయించినది ఈ చీటీల పద్ధతియే యని మా నమ్మకము.

అయినను ఆలస్యములు తప్పలేదు. కొంత వ్రాతప్రతి కాగితమునకు ఇరువైపులను వ్రాయబడుటచే అచ్చుకూర్పరులకు పనికిరాక, మరల ఒకవైపున వ్రాయింపవలసివచ్చెను. అందుకు ఇరువది పౌనులు ఖర్చయ్యెనట. 1752 మార్చిలో భార్య మరణించెను. ఆ దుఃఖమునుండి ఆయన చాలకాలము తేరుకొనలేదు. మూడేండ్ల పని తొమ్మిదేండ్లకు వచ్చి, 1755 ఏప్రిలు 15వ తేదీన రెండు పెద్ద సంపుటములుగా వెలువడెను. అందు నలువదివేలకు మించిన మాటలును లక్షకుపైబడిన ఉదాహరణములును గలవు. కడపటి కాగితము చేరినప్పుడు, ఇక ఈ మనుష్యునితో పని తీరినదని మిల్లర్ అను ప్రకాశకుడు దేవునికి స్తోత్రము చెప్పెననియు, అతడు దేనికైనను దేవునికి స్తోత్రము చెప్పుట తనకు సంతోషమని జాన్సను నవ్వెననియు చెప్పుదురు.

ఈ తొమ్మిదేండ్ల నడుమనే ఒక చిత్రము జరిగెను. 1750 మార్చి మొదలు 1752 మార్చి వరకు ‘రాంబ్లర్’ అను పత్రికను జాన్సను వారమునకు రెండుమారులు, మంగళవారమును శనివారమును, తప్పక వెలువరించెను. మొత్తము 208 సంచికలు. కొలదిభాగము తప్ప అన్నియు ఆయన వ్రాసినవే. నిఘంటువు విషయమున ఏండ్లు జారవిడిచిన మనుష్యుడు దీనిని రెండేండ్లు గడువు తప్పక ఎట్లు నడపెను? మంగళవారము ఎవరి కొరకును ఆగదు గనుక. ముద్రాలయపు కుర్రవాడు వాకిట నిలిచి చేయి చాచును గనుక. ఆ వ్యాసములలో పని వాయిదావేయుటను గూర్చిన దొకటి కలదు. అదియు కుర్రవాడు వేచియుండగా త్వరత్వరగా వ్రాసినదేయని ఆయన స్నేహితురాలు థ్రేల్ దొరసాని వ్రాసియుంచెను.

వాకిట కుర్రవాడు లేనప్పటి సంగతికి షేక్స్పియరు నాటకముల ముద్రణము సాక్ష్యము. 1756లో చందాదారులనుండి ముందుగా సొమ్ము తీసికొని, 1757 ముగియకముందే గ్రంథము నిచ్చెదనని ప్రకటించెను. సొమ్ము ఖర్చయ్యెను; చందాదారుల పట్టిక పోయెను; గ్రంథము రాలేదు. 1762లో చర్చిల్ అను కవి ఈ సంగతినెత్తి ఆయనను బహిరంగముగా ఎగతాళి చేసెను. ఆ యేటనే రాజు సాలుకు 300 పౌనుల వేతనము నేర్పరచుటచే తిండికై వ్రాయవలసిన యవసరమును పోయెను. ఎట్టకేలకు 1765 అక్టోబరులో ఎనిమిది సంపుటములు వెలువడెను. పీఠిక మిక్కిలి గొప్పది. కాని ఎనిమిదేండ్ల యాలస్యము ఆలస్యమే.

ఆయన మరణానంతరము 1785లో ఆయన ప్రార్థనలు, ఆత్మవిచారణలు ప్రకటింపబడెను. ప్రతి పుట్టినదినమునను, ప్రతి ఈస్టరునాడును ఆయన గడచిన సంవత్సరమును తలచుకొని దుఃఖించి, ఇకముందు వేకువనే లేచెదనని దేవునియెదుట తీర్మానించుకొనెడివాడు. 1765 ఈస్టరునాటి తీర్మానము ఎనిమిది గంటలకు లేవవలెనని. మన వసతిగృహపు బాలురు ఇది చదివి నవ్వుదురేమో! అది వేకువ కాదని ఆయనకును తెలియును. రెండు గంటలవరకు పరుండువానికి ఎనిమిదియే మేలని ఆయన యెరుగును. 1768లో క్రొత్త గడియారమొకటి చేయించుకొని, ఎవడును పని చేయలేని రాత్రి వచ్చుచున్నదను యోహాను సువార్తలోని మాటను గ్రీకుభాషలో దాని ముఖముమీద చెక్కించెను. కొంతకాలమునకు, ఇతరులు చూచి ఇది ఆడంబరమనుకొందురని దానిని తీసివేసెను.

గ్రంథములు ఆలస్యమైన లోకము క్షమించును. ఆయన తల్లి సంగతి వేరు. 1740లో లిచ్‌ఫీల్డు విడిచి వచ్చిన తరువాత ఆయన మరల తల్లిని చూడ బోలేదు. దూరము నూరుమైళ్లకు పైబడినది గాని బండ్లు నడచుచునే యుండెను. ఉత్తరములు వ్రాసెడివాడు, డబ్బు పంపెడివాడు, వచ్చెదననెడివాడు. నిఘంటువు ముగిసిన తరువాత రావచ్చుననుకొనెను. అది ముగిసి నాలుగేండ్లు గడచెను. 1759 జనవరిలో, తొంబదియేండ్లకు చేరువైన తల్లికి జబ్బు ముదిరినదని తెలిసెను. క్షమాపణ కోరుచు ఉత్తరములు వ్రాసెను; సొమ్ము పంపెను. ఆయన బయలుదేరకమునుపే తల్లి కన్నుమూసెను. అంత్యక్రియల ఖర్చునకును, ఆమె మిగిల్చిన చిన్న అప్పులకును గాను ‘రాసెలస్’ అను కథను ఒక్క వారపు సాయంకాలములలో వ్రాసి నూరు పౌనులకు విక్రయించెను. పందొమ్మిదేండ్లు కుదరని తీరిక ఒక వారమున కుదిరెను. తల్లి లేని యింటికి ఆయన వెళ్లినది 1761 తుదిలో.

అరువది యెనిమిదవ యేట ఆంగ్లకవుల జీవితములు వ్రాయబూని, చిన్న పీఠికలు చాలునని మొదలిడి, 1781లో ఏబదియిద్దరు కవుల చరిత్రలుగా ముగించెను. మూడేండ్లకుపైగా గడచి తెమిలిన పని యది.

కడపటి సంవత్సరమైన 1784లో ఆయన నడవడి మారినట్లు మాకు కనబడుచున్నది. యౌవనమున ఒకనాడు, జబ్బుగానున్న తండ్రి అట్టాక్సెటర్ సంతలోని తన పుస్తకముల దుకాణమునకు పొమ్మనగా గర్వముచే పోనని చెప్పినవాడు, వృద్ధాప్యమున ఆ సంతకే పోయి, దుకాణముండిన చోట వానలో టోపీ లేక చాలసేపు నిలిచెను. ఈ సంగతిని ఆయన ఆ సంవత్సరముననే ఒక మతగురువునకు చెప్పుకొనెను. ముప్పదిరెండేండ్ల క్రిందట బ్రామ్‌లీ గ్రామమున సమాధిచేసిన భార్యపై రాయి వేయించుటకు జూలైలో అనుమతి కోరెను. డిసెంబరు 2వ తేదీన, శరీరమంతయు నీరుపట్టి, ఊపిరాడక బాధపడుచు, లిచ్‌ఫీల్డులోని స్నేహితునికి ఉత్తరము వ్రాసెను. అందులో తండ్రికి, తల్లికి, తమ్మునికి కలిపి లాటిను భాషలో సమాధిలేఖనము పంపి, రాయి పెద్దదిగాను గట్టిదిగాను ఉండవలెననియు, ఖర్చునకు వెనుదీయవలదనియు, తాను బ్రదికియుండగానే పని తెమల్చవలసినదనియు తొందరపెట్టెను. తండ్రి పోయి అప్పటికి ఏబదిమూడేండ్లు. ఆ యుత్తరము వ్రాసిన పదునొకండవ దినమున, 13వ తేదీ సాయంకాలము జాన్సను మరణించెను.