మెథోట్రెక్సేట్ వెనుక మన యల్లాప్రగడ

నోటి, గొంతు క్యాన్సర్ ముదిరినవారికి డాక్టర్లు రాసే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. బెంగళూరులోని మన ఇళ్లలోనూ ఆ మాత్ర పేరు విన్నవారుంటారు. అది తయారైన ప్రయోగశాలలో పరిశోధనను నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అని తెలిసినవారు మాత్రం తక్కువ.

ఆయన 1895 జనవరి 12న జన్మించారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. ఇంట్లో తోబుట్టువులను స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టనపెట్టుకుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ, గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌనుతో ఆపరేషన్ గదికి వెళ్లేవారు. ఇంగ్లీషు ప్రొఫెసరుకు అది గిట్టలేదు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

1922లో భార్య శేషగిరిని ఇక్కడే వదిలి, మామగారి సాయంతో, దాతల చందాలతో బోస్టన్ చేరారు. మళ్లీ స్వదేశం చూడలేదు. ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని వెలికితీశారు. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తన ఇంటివారిని బలిగొన్న స్ప్రూకు అదే మందు! కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్నే పోలిన నకిలీ పదార్థం ఇస్తే క్యాన్సర్ కణం మోసపోయి ఎదుగుదల ఆగిపోతుంది. అలా తయారైనవే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టు 8న సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53.

ఈ మందుకు ఒక లోపం ఉంది. శత్రువు ఎవరో, సొంతవారెవరో దానికి తెలియదు. నోరు పూస్తుంది, రక్తకణాలు తగ్గుతాయి. అందుకే 1958లో ఫ్రాన్స్‌లో జార్జ్ మాతే మెథోట్రెక్సేట్‌ను యాంటీబాడీకి అతికించి, రక్తక్యాన్సర్ ఉన్న ఎలుకలపై ప్రయోగించారు. యాంటీబాడీ చిరునామా వెతుకుతుంది, విషం పని ముగిస్తుంది. ఈ తరహా వైద్యానికి తొలి ప్రయత్నాల్లో అదొకటి. అంటే యాంటీబాడీ మోసిన తొలి మూటల్లో మన సుబ్బారావు మందు ఒకటి.

తల, మెడ భాగాల క్యాన్సర్లలో చాలావాటి కణాలపై ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంటుంది. దాన్నే చిరునామాగా పట్టుకునే నిమోటుజుమాబ్ అనే యాంటీబాడీని 2006లో మన బెంగళూరు బయోకాన్ విడుదల చేసింది. అది విషం మోయదు, తానే అడ్డుపడుతుంది. వెలుతురు పడితే పనిచేసే రంగును మోసే యాంటీబాడీకి జపాన్ 2020లో అనుమతి ఇచ్చింది. ఆరోగ్యకరమైన కణాన్ని తాకకుండా విషాన్ని గురిచూసి చేర్చడం ఎలాగన్నదే నేటికీ పరిశోధకుల తపన.

ఎన్ని మందులొచ్చినా జబ్బును ముందే పట్టుకోవడం మేలు. పొగాకు, గుట్కా అలవాటున్నవారు మన ఇళ్లలోనూ ఉన్నారు. నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోతే డాక్టరుకు చూపించండి. తనవారిని జబ్బుకు పోగొట్టుకుని మందుల వెంట జీవితమంతా నడిచిన మనిషికి అంతకు మించిన నివాళి లేదు.