అవ్వ బిళ్ల, సుబ్బారావు బిళ్ల

మా అవ్వకు కీళ్లవాతం. వారానికొక్క తూరి మింగే మెథోట్రెక్సేట్ బిళ్ల కోసరం నేనే తిరుపతికి పోయొస్తా. ఆ మందు మన తెలుగోడు నడిపిన ల్యాబులోనే పుట్టిందని శానా మందికి తెలీదు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టినాడు. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ జబ్బుతో రోజుల తేడాలో పోయినారు. అప్పుడు దానికి మందే లేదు. మద్రాసులో వైద్యం చదివితే, ఖద్దరు తొడిగినాడని పెద్ద డిగ్రీ ఇయ్యకుండా ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టినారు. మామ సాయంతో అమెరికా పోయి, ఆస్పత్రిలో చిన్న పనులు చేసుకుంటా చదివినాడు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరినాక ఇంగ చూస్కోండి: ఫోలిక్ యాసిడ్, బోదకాలుకు డీఈసీ, ఆరియోమైసిన్, క్యాన్సర్‌కని మొదలుపెట్టిన మెథోట్రెక్సేట్. అన్నీ ఆయన జట్టు పనే. 1948లో, 53 ఏండ్లకే పోయినాడు.

ఫోలిక్ యాసిడ్‌ను ఐరన్ బిళ్లలో కలిపి కడుపుతో ఉండే ఆడోళ్లకు సర్కారు ఊరికే ఇస్తాది. బోదకాలు బిళ్లలైతే ఇంటింటికీ తెచ్చి మింగించినారు, దుడ్లు ఎవురూ అడగలేదు. అవ్వ బిళ్ల మాత్రం మా పక్క ఆస్పత్రిలో దొరకదు. బిళ్ల అంత పిరెం కాదులే. లివరు చూసే రక్తపరీక్షలు, బస్సు ఛార్జీలు, నాకు పోయే ఒక దినం కూలి, అవీ బరువు. పోయిన నెల దుడ్లు చాలక రెండు వారాలు మానేసింది. వేళ్లు వాచి సంగటి ముద్ద గూడా పట్టుకోలేకపోయింది.

సుబ్బారావు కథ చెప్తే, ఆయనది యా ఊరని అడిగింది. భీమవరమని చెప్పినా. ఆ తర్వాత, ఈసారి పరీక్షకు ఎంతవుతాదో కనుక్కోమనింది.