గైగాక్స్ లేని రెండో ఎడిషన్

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా మాట్లాడే ఆట డన్జన్స్ అండ్ డ్రాగన్స్. దాన్ని డేవ్ ఆర్నెసన్‌తో కలిసి రాసిన గ్యారీ గైగాక్స్ 1938లో చికాగోలో పుట్టారు. హైస్కూలు మధ్యలోనే మానేసి, ఇన్సూరెన్స్ ఉద్యోగం చేశారు. 1974లో ఆట మొదటిసారి వెయ్యి కాపీలు వేశారు.

1985లో తను పెట్టిన కంపెనీ మీదే ఆయనకి పట్టు పోయింది. 1989లో రెండో ఎడిషన్ ఆయన లేకుండానే వచ్చింది. అందులో దెయ్యాల పేర్లు మార్చేశారు, హాఫ్-ఆర్క్, అసాసిన్ పాత్రలు తీసేశారు. రూల్స్ తేలికయ్యాయని కొందరు మెచ్చుకున్నారు. ఇంకొందరు పాత పుస్తకాలు వదల్లేదు.

మన గురజాడ 1897 నాటి కన్యాశుల్కాన్ని 1909లో తనే తిరగరాశారు. గైగాక్స్‌కి ఆ అవకాశం దక్కలేదు. 2008లో పోయారు.

2024లో రూల్స్ మళ్లీ మారాయి, హాఫ్-ఆర్క్ మళ్లీ పోయింది. సంక్రాంతి సెలవుల్లో ఉప్పాడలో మా గ్యాంగ్ దీని మీదే కొట్టుకుంది. చివరికి కొత్త పుస్తకంతో, పాత హాఫ్-ఆర్క్‌తో ఆడేశాం. నచ్చని రూల్ మార్చుకోండని 1974లోనే చెప్పింది ఆ మొదటి పుస్తకాలే కదా!