బరువు లెక్క రాసిపెట్టిన బాంటింగ్ దొర

మన పెన్షనర్లు నలుగురు ఒకచోట చేరితే డి.ఏ. బకాయిల తరువాత వచ్చే మాట చక్కెర జబ్బు, పెరిగిన పొట్టల గురించే. 2017, 2018 సంవత్సరాలలో శ్రీ వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార పద్ధతి తెలుగునాట ఇంటింటా చర్చ అయింది. అన్నం మానమని ఆయన, అది ప్రమాదమని కొందరు డాక్టర్లు వాదించుకున్నారు. ఈ వాదం కొత్తది కాదు. 160 ఏళ్ళకు పూర్వమే దీనికి కారకుడైన విలియం బాంటింగ్ జీవితం మన వయసువారు తెలుసుకోదగినదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇన్సులిన్ కనుగొన్న బాంటింగ్ వేరు, ఈయన వేరు.

బాంటింగ్ 1796లో జన్మించాడు. లండన్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చూసే వృత్తి వారిది. రాజకుటుంబం వారి అంత్యక్రియలు కూడా ఆ కుటుంబమే జరిపించేది. 1852లో వెల్లింగ్టన్ ప్రభువు అంతిమయాత్ర ఏర్పాట్లూ వారివే.

ఆయన ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. 66వ ఏట బరువు 202 పౌనులు, అంటే దాదాపు 92 కిలోలు. వంగి బూట్ల తాడు కట్టుకోలేడు. మేడ మెట్లు వెనక్కు తిరిగి దిగేవాడు. తిండిపోతు కాడు, సోమరీ కాడు. వైద్యులు చెప్పినవన్నీ చేశాడు. పడవ తెడ్డు వేయమంటే వేశాడు. ఆకలి పెరిగింది, దానితోపాటు బరువూ పెరిగింది. సముద్ర స్నానాలు, గుర్రపు స్వారీ, ఊరూరా ఔషధ జలాలు అన్నీ అయ్యాయి. ఆవిరి స్నానాలు 50 దాకా చేస్తే తగ్గింది 6 పౌనులే.

చివరకు చెవుడు వచ్చి 1862లో విలియం హార్వే అనే చెవి వైద్యుని దగ్గరకు వెళ్ళాడు. ఆ వైద్యుడు పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ ఉపన్యాసాలు విన్నవాడు. కాలేయానికీ చక్కెరకూ గల సంబంధం అక్కడే తెలుసుకున్నాడు. చెవుడుకు కొవ్వే కారణమని తలచి, రొట్టె, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంపలు మానమన్నాడు. మాంసం, చేప, కూరలు, కొద్దిగా పండ్లు, నామమాత్రంగా కాల్చిన రొట్టె తినమన్నాడు. ద్రాక్షసారా మాత్రం మాన్పించలేదు. అది మనకు అక్కరలేదు.

ఏడాదిలో 46 పౌనులు, అంటే సుమారు 21 కిలోలు తగ్గాడు. నడుము 12 అంగుళాల పైన సన్నబడింది. చెవులు బాగా వినిపించాయి. ఏ తేదీకి ఎంత తూగాడో పద్దు రాసినట్లు రాసుకున్నాడు. జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపిన నాకు ఆయనలో నచ్చినది ఇదే. ఎవరి మాటనూ ఊరికే కాదనలేదు, కాటా చెప్పినది కాగితం మీద పెట్టాడు.

1863లో ఆ లెక్కలతో చిన్న పుస్తకం సొంత ఖర్చుతో అచ్చువేయించి ఉచితంగా పంచాడు. తరువాత అమ్మకం వల్ల వచ్చిన లాభం ధర్మకార్యాలకు ఇచ్చాడు. వైద్యుడు కాని వానికి ఈ పని ఎందుకని కొందరు డాక్టర్లు ఎగతాళి చేశారు. అయినా ఆయన పేరే ఇంగ్లీషులో పథ్యానికి మారుపేరైంది. స్వీడన్ భాషలో నేటికీ ఆ మాట ఉంది. 1878లో 81వ ఏట కన్నుమూశాడు.

ఆయన మాట పూర్తిగా నిలిచిందా? 2003లో అమెరికాలో 63 మందిపై జరిపిన పరీక్షలో, పిండిపదార్థాలు తగ్గించినవారు ఆరు నెలలకు ఎక్కువ బరువు తగ్గారు. ఏడాది తిరిగేసరికి ఆ తేడా అంతగా మిగలలేదు. మొదలుపెట్టడం కంటె నిలబెట్టుకోవడమే కష్టమని దీని తాత్పర్యం.

మన ఉత్తరాంధ్రలో చద్దన్నంతో తెల్లవారి అన్నంతో పొద్దుగూకుతుంది. చోడి అంబలి ఎంత తాగినా ఫరవాలేదని కొందరి నమ్మకం. చోళ్ళలో పీచు, సున్నం ఎక్కువే గాని అవీ పిండిపదార్థమే. అన్నం ముద్ద తగ్గించి పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర పెంచడం మనకు సాధ్యమైన దారి. అయితే చక్కెర మాత్రలో, ఇన్సులినో వాడేవారు హఠాత్తుగా అన్నం మానితే చక్కెర మరీ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. మూత్రపిండాల జబ్బున్నవారు పప్పు, మాంసం పెంచకూడదు. కనుక డాక్టరును అడిగి మందు మోతాదు సరిచేయించుకున్నాకే మొదలుపెట్టండి. బాంటింగ్ కూడా వైద్యుని చేయి పట్టుకునే నడిచాడు.

వారానికొకసారి బరువు తూచి ఒక పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి.