బ్రాడ్ వీధి పంపు - డాక్టరు జాన్ స్నో గారి జీవితము

ఈ శతవార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితము వ్రాయుమని మమ్ములను కోరినప్పుడు, గురువులలో గాని మిషనెరీలలో గాని ఒకరిని ఎన్నుకొందుమని చాలామంది అనుకొన్నారు. మేము మాత్రము లండను నగరములో 45 ఏండ్లకే కన్నుమూసిన ఒక వైద్యుని ఎన్నుకొన్నాము. కారణము లేకపోలేదు. ఆ వైద్యుని కథలో ఒక యువ గురువు ఉన్నారు. వైద్యుడు చెప్పినది తప్పని నిరూపించుటకు ఆయన ఇల్లిల్లు తిరిగి, చివరకు వైద్యుడే ఒప్పని నిరూపించారు. ఆ సంగతి చెప్పవలెనంటే ముందు డాక్టరుగారి సంగతి చెప్పాలి.

జాన్ స్నో గారు 1813వ సంవత్సరము మార్చి 15న ఇంగ్లండులోని యార్కు పట్టణములో, ఊజ్ నది ఒడ్డున ఉన్న బీదల పేటలో జన్మించారు. తండ్రి కూలిపని చేసి కుటుంబమును పోషించేవాడు. తొమ్మిదిమంది పిల్లలలో ఈయనే పెద్ద. 14వ ఏట ఆయనను న్యూకాసిల్ పట్టణములో ఒక వైద్యుని వద్ద పని నేర్చుకొనుటకు ఉంచారు. 17వ ఏట ఒక పుస్తకము చదివి మాంసాహారము మానివేశారు. మద్యము ముట్టనని కూడ ప్రతిన పూనారు. త్రాగే నీటి విషయములో ఆయనకు చిన్ననాటినుండే పట్టింపు ఉండేది. తోటివారు ఇది చూచి నవ్వుకొనేవారట.

1831-32లో కలరా మొదటిసారి ఇంగ్లండు మీదికి వచ్చింది. మన పల్లెలలో వాంతిభేదులన్నా, పాత వైద్య గ్రంథములలో విషూచి అన్నా ఇదే. మా పెద్దలు దీని పేరు చెప్పుకొనుటకే జంకేవారు. పద్దెనిమిదేండ్ల స్నోను అతని యజమాని కిల్లింగ్‌వర్త్ బొగ్గు గనివారికి చికిత్స చేయుటకు పంపాడు. గనిలో మరుగుదొడ్డి లేదు. పనివారు అన్నపు మూట వెంట తీసుకొని దిగి, ఆ చీకటిలో చేతులు కడుగుకొనకుండానే తినేవారు. ఆనాటి వైద్యములేవీ వారిని కాపాడలేదు. కాని తాను చూచినదానిని ఆ కుర్రవాడు మరువలేదు.

1836లో ఆయన చాలా దూరము కాలినడకనే లండను చేరి వైద్య విద్యాలయములో చేరారు. విద్యార్థిగా ఉన్నప్పుడే పరిశోధన మొదలైంది. శరీర విచ్ఛేదనమునకు ఉంచిన శవములు చెడిపోకుండుటకు పాషాణము ఎక్కించేవారు. దానినుండి వెలువడు ఆవిరి విద్యార్థులకే హాని చేయుచున్నదని ఆయన కనుగొన్నారు. 1841లో, ఊపిరి లేక పుట్టిన పసికందులకు గాలి పంపు సహాయముతో శ్వాస ఎక్కించు విధానమును గూర్చి వైద్యుల సభలో ఒక వ్యాసము చదివారు. సోహో పేటలోని ఫ్రిత్ వీధిలో ఒక చిన్న ఇంట ఒంటరిగా కాపురముంటూ వైద్యము చేసేవారు. ఆయన పెండ్లి చేసుకొనలేదు. 1844లో లండను విశ్వవిద్యాలయమునుండి ఎం.డి. పట్టము పొందారు.

1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరమున ఈథరు ఆవిరి పీల్పించి నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేశారు. ఆ వార్త కొద్ది వారములలో లండను చేరింది. అందరూ దానిని ప్రయోగించనారంభించారు. ఒకరికి మత్తు ఎక్కేది, మరొకరికి ఎక్కేది కాదు. ఈ తేడా ఎందువలనో ఆగి విచారించినవారు కొద్దిమందే. గది వేడిమినిబట్టి గాలిలో ఈథరు పాలు ఎంతగా మారునో స్నో గారు లెక్కగట్టి, 1847 జనవరిలోనే ఒక పట్టిక తయారుచేశారు. నీటి తొట్టిలో ఉంచి, ఒకే వేడిమిలో ఆవిరి నిచ్చు పరికరమును కూడ రూపొందించారు. రోగి ఏ దశలో ఉన్నాడో గుర్తించుటకు మత్తును అయిదు దశలుగా విభజించారు.

ఆ ఏడాది చివర క్లోరోఫారం వచ్చింది. 1848 జనవరిలో న్యూకాసిల్ సమీపమున 15 ఏండ్ల బాలిక ఒకతె, కాలిగోరు తీయు చిన్నపనికై మత్తు ఇవ్వగా, నిమిషములలో ప్రాణము విడిచింది. దేశమంతా కలవరపడింది. మందు చెడ్డదని కొందరన్నారు. స్నో గారు మందును కాక, ఇచ్చిన తీరును పరిశీలించారు. గుడ్డ మీద పోసి ముక్కు దగ్గర పెట్టినప్పుడు గాలిలో ఎంత పాలు మందు ఉన్నదో ఇచ్చువానికే తెలియదు. పాలు ఎక్కువైతే గుండె అకస్మాత్తుగా ఆగును. కాబట్టి నూటికి నాలుగైదు పాళ్లు మించకుండా కొలిచి ఇవ్వాలి అని ఆయన నిర్ణయము. నాలుగు వేలకు పైగా రోగులకు స్వయముగా క్లోరోఫారం ఇచ్చి, ఆ అనుభవమును దినచర్య పుస్తకములలో వ్రాసుకొన్నారు.

1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణి ప్రసవ సమయములో ఆయనను పిలిపించారు. చేతిరుమాలు మీద కొద్ది కొద్దిగా క్లోరోఫారం వేసి 53 నిమిషములు ఇచ్చారు. రాణిగారు స్పృహ కోల్పోలేదు, నొప్పి మాత్రము తగ్గింది. ఆదికాండము మూడవ అధ్యాయమును చూపి, ప్రసవ వేదనను తగ్గించరాదని అంతకు ముందు కొందరు వాదించారు. ఆదాముకు దేవుడు గాఢనిద్ర కలుగజేసిన సంగతి చూపి ఎడింబరోలో డాక్టరు సింప్సను గారు వారికి జవాబు చెప్పారు. నిజమునకు ఈ విషయములో బోధకులకంటె వైద్యులే ఎక్కువ అడ్డు చెప్పారని మా అభిప్రాయము.

ఇక్కడ మన హైదరాబాదు సంగతి ఒకటి చెప్పకుండ ఉండలేము. స్నో గారు చనిపోయిన ముప్పై ఏండ్లకు, 1888లోను 1889లోను, నిజాము ప్రభువు ఖర్చుతో డాక్టరు ఎడ్వర్డ్ లారీ గారు హైదరాబాదులో క్లోరోఫారం కమిషన్లు నడిపించారు. అక్కడ జంతువులపై వందలకొలది ప్రయోగములు జరిగాయి. క్లోరోఫారం గుండెను నేరుగా ఆపదు, శ్వాసను కనిపెట్టియుంటే చాలునని వారు తీర్పు చెప్పారు. హైదరాబాదు పేరు ప్రపంచ వైద్య పత్రికలన్నిటికి ఎక్కింది. కాని ఆ తీర్పు నిలువలేదు. క్లోరోఫారం వలన గుండె అకస్మాత్తుగా ఆగిపోవచ్చునని 1911 నాటి పరిశోధనలలో నిశ్చయమైంది. ఈ సంగతిలో మా మనస్సు హైదరాబాదు వైపు ఉన్నా, ఒప్పు మాత్రము స్నో గారిదే.

ఇక కలరా. చెడుగాలి వలన, దుర్వాసన వలన అది వచ్చునని ఆనాటి పండితులందరి నమ్మకము. స్నో గారి ఆలోచన చాలా సాదాగా ఉండేది. జబ్బు మొదట పట్టేది కడుపునే, ఊపిరితిత్తులను కాదు. కాబట్టి దాని విషము నోటిద్వారా లోపలికి పోవాలి, రోగి విసర్జనలనుండి ఇతరుల అన్నపానములలో చేరాలి. ఈ మాట ఆయన 1849లో చిన్న పుస్తకముగా అచ్చువేయించారు. నమ్మినవారు బహు కొద్దిమంది.

1854లో కలరా తిరిగి వచ్చింది. దక్షిణ లండనులో రెండు కంపెనీలు ఒకే వీధిలో ఇంటింటికి నీరు ఇచ్చేవి. లాంబెత్ కంపెనీ 1852లోనే తన గొట్టమును నగరపు మురుగు కలియని ఎగువకు మార్చుకొన్నది. సౌత్‌వర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మార్చుకొనలేదు. ఏ ఇంటికి ఏ నీరో ఇంటివారికే తెలియనిచోట, స్నో గారు నీటిని తీసుకొని అందులోని ఉప్పును పరీక్షించి తేల్చారు. మొదటి ఏడు వారములలో రెండవ కంపెనీ నీరు పోయు 40,046 ఇండ్లలో 1,263 మంది చనిపోయారు. లాంబెత్ వారి 26,107 ఇండ్లలో 98 మంది.

ఈ లెక్కలో ఉండగానే, ఆగస్టు 31 రాత్రి ఆయన ఇంటికి సమీపముననే బ్రాడ్ వీధి పరిసరములలో జబ్బు విరుచుకుపడింది. పది దినములలో 500 మందికి పైగా పోయారు. స్నో గారు 83 మరణముల జాబితా తీసుకొని ఇల్లిల్లు అడిగారు. వీరిలో 73 మంది ఆ వీధి పంపుకు దగ్గరవారే. వారిలో 61 మంది ఆ నీరు త్రాగినవారని తెలిసింది. దగ్గరలోని అనాథశాలలో 535 మంది ఉండగా చనిపోయినది అయిదుగురే, వారికి సొంత బావి ఉన్నది. సారాయి బట్టీలో 70కి పైగా పనివారున్నా ఎవరూ చనిపోలేదు, వారు ఆ నీరు ముట్టేవారు కారు. దూరమున హాంప్‌స్టెడ్‌లో ఒక వృద్ధురాలు మాత్రము చనిపోయింది. ఆ పంపు నీటి రుచి అలవాటై, ఆమె ప్రతిదినము ఒక సీసా తెప్పించుకొనేది. సెప్టెంబరు 7న స్నో గారు ఆ పేట అధికారుల సభకు వెళ్లి ఈ సంగతులు చెప్పారు. వారు నమ్మకపోయినా, మరునాడు పంపు పిడి తీసివేయించారు. అప్పటికే జనులు పారిపోయి జబ్బు తగ్గుముఖము పట్టిందని స్నో గారే వ్రాశారు. ఆయన గొప్పకు పోలేదు.

ఇప్పుడు మా గురువుగారి సంగతి. సెయింట్ లూక్ దేవాలయపు సహాయ గురువు హెన్రీ వైట్‌హెడ్ గారికి అప్పటికి ముప్పై ఏండ్లు నిండలేదు. చనిపోయినవారి పడకల పక్కన కూర్చున్నది ఆయనే. ప్రతి గడప ఆయనకు తెలుసు. పంపు మాట ఆయనకు నచ్చలేదు, ఆ నీరు త్రాగి బ్రతికినవారిని కూడ ఆయన ఎరుగును గదా. కనుక పంపు మాట తప్పని చూపుటకు మరల ఇల్లిల్లు తిరిగారు, కొన్ని ఇండ్లకు నాలుగైదుసార్లు వెళ్లారు. ఎంత అడిగితే అంతగా లెక్క స్నో గారి వైపే తేలింది. 1855లో మరణముల పుస్తకములు చూచుచుండగా, బ్రాడ్ వీధి 40వ నంబరు ఇంట అయిదు నెలల పసిబిడ్డ సెప్టెంబరు 2న చనిపోయినట్లు కనబడింది. వెళ్లి తల్లిని అడిగారు. బిడ్డ విరేచనపు గుడ్డలు ఉతికిన నీరు ఇంటి ముందరి మురుగు గుంటలో పోశానని ఆమె చెప్పింది. త్రవ్వి చూడగా ఆ గుంట ఇటుకలు శిథిలమై ఉన్నాయి. పంపు బావి దానికి మూడు అడుగుల దూరము కూడ లేదు.

మరొక సంగతి కూడ తేలింది. ఆ బిడ్డ తండ్రికి జబ్బు సోకిన దినము సెప్టెంబరు 8, పిడి తీసిన దినమే. ఆయన విసర్జనలు కూడ ఆ గుంటకే పోయాయి. పిడి ఉండియుంటే ఏమి జరిగేదో ఊహించుకొనవచ్చును. అయినా ప్రభుత్వ ఆరోగ్య మండలివారు ఇదంతా త్రోసిపుచ్చారు.

స్నో గారు అన్నిట ఒప్పే చెప్పారని మేము అనము. 1855లో పార్లమెంటు కమిటీ ముందు, ఎముకలు ఉడికించు కార్ఖానాల దుర్వాసన వలన అంటురోగములు రావని సాక్ష్యమిచ్చి, వైద్య పత్రిక చేత తిట్లు తిన్నారు. కలరా మట్టుకు అది నిజమే గాని, ఆ పొగలో పనిచేయు కూలీల బాధను ఆయన తగినంత తలచలేదేమో. 1857లో, రొట్టెలలో కలుపు పటిక వలన పిల్లల ఎముకలు వంగిపోవుచున్నవని వ్రాశారు. ఆ జబ్బుకు అసలు కారణము ఎండ తగలకపోవుట, డి విటమిను లోపమని తరువాత తెలిసింది. బీదవాని రొట్టెలో ఏమున్నదని విచారించినవారు మాత్రము ఆ కాలములో ఎక్కువమంది లేరు.

1858 జూన్ 10న క్లోరోఫారం గ్రంథము వ్రాయుచుండగా పక్షవాతము వచ్చి, 16న చనిపోయారు. ఆ గ్రంథమును స్నేహితుడు డాక్టరు రిచర్డ్‌సన్ గారు అదే ఏట అచ్చు వేయించారు. లాన్సెట్ పత్రిక వేసిన కొద్ది పంక్తుల మరణవార్తలో కలరా మాటే లేదు. 1866లో తూర్పు లండనులో మరల కలరా వచ్చినప్పుడు, లెక్కల అధికారి విలియం ఫార్ గారు నీరే కారణమని ఒప్పుకొన్నారు. 1884లో జర్మను వైద్యుడు కాక్ గారు కలకత్తాలో ఆ క్రిమిని స్పష్టముగా చూపారు.

వైట్‌హెడ్ గారు తరువాత ఉత్తర ఇంగ్లండులో పల్లె సంఘములలో పనిచేసి 1896లో చనిపోయారు. కడవరకు ఆయన చదువుకొను గదిలో డాక్టరు స్నో గారి పటము ఉండేది.