పారిస్ వీధుల సాక్షి: యూజీన్ అట్జే

మహానగరపు వీధి నిత్యపరిణామశీలమైనది. నేడున్న అంగడి రేపుండదు; నిన్నటి ప్రాకారం నేడు నేలమట్టమవుతుంది. ఆ మార్పును చూచి నిట్టూర్చినవారు అనేకులు. దానిని దాదాపు ముప్పది సంవత్సరాలు ఓపికతో ఛాయాచిత్రాలలో భద్రపరచిన మహనీయుడు యూజీన్ అట్జే.

ఆయన 1857 ఫిబ్రవరి 12న ఫ్రాన్సు దేశంలో బోర్డో నగర సమీపాన గల లిబూర్న్‌లో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి తాతా అవ్వల పోషణలో పెరిగారు. యౌవనంలో కొంతకాలం ఓడలపై పనిచేశారు. నటుడు కావలెనన్న కోరికతో 1879లో పారిస్ నాటక విద్యాలయంలో చేరారు. నిర్బంధ సైనికసేవ కారణంగా చదువు కుంటుపడి, 1881లో అక్కడి నుండి తొలగింపబడ్డారు. సంచార నాటక సమాజాలతో ఊరూరా తిరిగారు. కంఠవ్యాధి ఆ జీవికను కూడ హరించింది. చిత్రలేఖనమూ ఫలించలేదు. ముప్పదియేండ్లు దాటిన పిమ్మట కెమేరా చేపట్టి, చిత్రకారులకు నమూనాలుగా ఉపకరించే చెట్లు, పూలు, కట్టడాల ఛాయాచిత్రాలు తీసి అమ్మసాగారు.

అంతకుముందే ఓస్మాన్ అనే పాలనాధికారి పాత పేటలను కూలగొట్టించి పారిస్‌లో విశాల రాజమార్గాలు వేయించాడు. మిగిలిన ప్రాచీన నగరమైనా అంతరించకమునుపే చిత్రించవలెనని అట్జే 1897 ప్రాంతంలో పూనుకొన్నారు. బరువైన కొయ్య కెమేరా, ముక్కాలి, 18 × 24 సెంటీమీటర్ల గాజు పలకలు మోసుకొని, తరచుగా వేకువనే బయలుదేరేవారు. ఇరుకు సందులు, మెట్లు, తలుపుల నగిషీలు, అంగళ్ళ అద్దాలు, వీధి గాయకులు, చిత్తుగుడ్డలు ఏరుకొనేవారు, తిరుగుడు బేరగాండ్రు — అందరికీ, అన్నింటికీ ఆయన చిత్రాలలో స్థానం లభించింది. ఆ కెమేరాకు వెలుగు చాలసేపు అందవలసియుండుటచే కదిలే మనుష్యులు కొన్నిచోట్ల నీడలవలె మాత్రమే కనిపిస్తారు. పనిముట్టుకు గల ఈ లోపమే ఆ వీధులకు ఒక విచిత్ర నిశ్శబ్దాన్ని ప్రసాదించింది.

గ్రంథాలయాలు, వస్తు ప్రదర్శనశాలలు ఆ చిత్రాలను కొన్నవి. ఐనను, తన అనంతరం ఈ నిధి ఏమగునోయన్న చింత ఆయనను వీడలేదు. 1920లో 2,621 గాజు పలకలను పదివేల ఫ్రాంకులకు ఫ్రెంచి ప్రభుత్వానికి అప్పగించారు. 1926లో పొరుగున నివసించే కళాకారుడు మాన్ రే చొరవతో ఒక పత్రిక ఆయన చిత్రాలు ప్రచురించినప్పుడు, అవి కేవలం ఆధారపత్రాలని చెప్పి తన పేరు వేయవద్దన్నారు. ఆ సంవత్సరమే జీవన సహచరి వాలెంటీన్ మరణించింది. 1927 ఆగస్టు 4న ఆయన కన్నుమూశారు.

మాన్ రే వద్ద పనిచేసిన బెరెనీస్ అబ్బట్ అను అమెరికా యువతి, అట్జే గదిలో మిగిలిన వెయ్యికి పైగా పలకలను, వేలాది చిత్రాలను కొని కాపాడింది. స్వదేశానికి మరలి, అదే దీక్షతో మారుతున్న న్యూయార్క్ వీధులను చిత్రించి 1939లో గ్రంథంగా వెలువరించింది. అట్జే సంపుటిని 1968లో న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాల స్వీకరించింది.

నటనలో, చిత్రలేఖనంలో విఫలుడైన వ్యక్తి, తాను కళాకారుడనని చాటుకొనకయే ఒక నగరానికి దాని గతాన్ని మిగిల్చి వెళ్ళారు. నేడు కెమేరా ప్రతి విద్యార్థి చేతిలోనూ ఉన్నది. రోజూ నడిచే వీధిని ఓపికతో చూడగల దృష్టిని మాత్రం ఎవరికి వారు అలవరచుకొనవలసినదే.